తొమ్మిది రోజుల తీర్థయాత్ర

2025 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే మా మేనల్లుడు అమెరికానుంచి ఫోను చేశాడు. వాడు న్యూజెర్సీలో వుంటాడు. వెళ్లి పదహారేళ్లయింది. ఈమధ్యనే అక్కడి పౌరుడై, అంతకుముందు నవంబరులో మొట్టమొదటిసారి అధ్యక్షుడి ఎన్నికలో ఓటు వేశాడు. కొత్తగా ఓటేసినవాడికి కాస్త సంబరం వుండాలా, అక్కర్లేదా? వీడు మాత్రం మూడు నెలలైనా ఒకటే సణుగుడు.

"నా ఓటుకి ఇక్కడ విలువ లేదు మావయ్యా. మా రాష్ట్రం ఎటు మొగ్గుతుందో అందరికీ ముందే తెలుసు. అందుకని మా గుమ్మం తొక్కినవాడు లేడు. నది దాటితే పెన్సిల్వేనియా. అక్కడున్నవాడి ఓటుకోసం ఇద్దరూ కాళ్లరిగేలా తిరిగారు. ఇదేం ఎలక్టోరల్ కాలేజీ? తీసి పారెయ్యాలి!"

పక్కనుంచి మా ఆవిడ, "ఏ కాలేజీ అండీ? సీటు రాలేదా వాడికి?" అని కంగారుపడింది.

నాకు నవ్వొచ్చింది. మేనల్లుడి మాటకీ కాదు, మా ఆవిడ మాటకీ కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా తునిలో కూడా అలాంటి కాలేజీ ఒకటి, చాలా చిన్నది, తలుపులు తెరుచుకోక నానా యాతనా పడుతోంది. మునిసిపాలిటీ వైస్‌ఛైర్మన్ ఎన్నిక అది. మా వూరికి ముప్పై వార్డులు. ఓటు వేయవలసింది వూరు కాదు, వార్డు కౌన్సిలర్లు. వాళ్లలో తగినంతమంది సభకి రాలేదని ఎన్నిక వాయిదా పడింది. మళ్లీ పెట్టారు, మళ్లీ వాయిదా. వీధినిండా పోలీసులు, టీవీ కెమెరాలు, పక్కూళ్లనుంచి దిగిన కార్లు. తాండవ వంతెన దాటి పాయకరావుపేట వెళ్లాలన్నా వచ్చే దారిలో ఇదే కబురు. ఎవరు ఎవరిని అడ్డుకున్నారన్నది రెండు పక్షాలూ రెండు రకాలుగా చెప్పాయి, ఆ పంచాయితీ నాకొద్దు.

నేను ఆకులకోసం బజారుకి వెళ్లాను. తుని తమలపాకు గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. కట్టలు కడుతున్నాయన్ని, "ఎవరొస్తారంటావోయ్?" అని అడిగాను.

"ఎవరొస్తే నాకేంటి మాస్టారూ, నన్నెవరూ అడగలేదుగా" అన్నాడు, చెయ్యి ఆపకుండా.

న్యూజెర్సీ ఇంజనీరు బాధా, మా ఆకులాయన బాధా ఒకటే అని అప్పుడు తట్టింది. మనిషికీ పదవికీ మధ్యలో కొంతమంది కూర్చున్నారు. వాళ్లు కూర్చోవడం మంచిదా, లేవడం మంచిదా? నలభై యేళ్లు పిల్లలకి సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి, కనీసం ఈ ఒక్కదానికైనా జవాబు చెప్పగలగాలి కదా అని కూర్చున్నాను.

ముందు అమెరికా సంగతి. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసుకున్నప్పుడు, అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకోవాలన్నది వాళ్లు ఎంతకీ తేల్చుకోలేకపోయారు. శాసనసభ ఎన్నుకుంటే అధ్యక్షుడు దానికి బంటు అయిపోతాడని ఒక భయం. జనమే ఎన్నుకుంటే, రైలూ తంతీ లేని ఆ కాలంలో, పై రాష్ట్రంవాడు ఎలాంటివాడో జనానికి ఎలా తెలుస్తుందని ఇంకో భయం. చెప్పుకోవడానికి సిగ్గుపడే కారణం ఇంకొకటి వుంది. దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలకి ఓటు లేదు. కానీ ప్రతినిధుల సంఖ్య కట్టేటప్పుడు ఒక్కో బానిసని అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్కపెట్టేవారు. అధ్యక్షుణ్ణి నేరుగా జనం ఎన్నుకుంటే ఆ లెక్క అక్కరకి రాదు, మధ్యలో ఎలెక్టర్లని పెడితే వస్తుంది. అలా పుట్టింది కాలేజీ. ఇప్పుడు అందులో 538 మంది. 270 వస్తే గెలుపు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు మెజారిటీ వచ్చినా ఆ రాష్ట్రం ఎలెక్టర్లందరూ గెలిచినవాడికే. మేనల్లుడి ఏడుపు అక్కడే వుంది.

ఈ లెక్కవల్ల జనంలో ఎక్కువ ఓట్లొచ్చినవాడు ఓడిపోవడం కూడా జరిగింది. 2000లో అల్ గోర్‌కి దేశం మొత్తంమీద అయిదు లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ వచ్చాయి, ఫ్లోరిడాలో 537 ఓట్లు తక్కువ వచ్చాయి. ఆ 537 నెగ్గాయి. 2016లో హిల్లరీ క్లింటన్‌కి ఇరవై ఎనిమిది లక్షలు ఎక్కువ వచ్చినా ఇంట్లోనే కూర్చుంది.

తీసి పారెయ్యాలని వాళ్లకీ అనిపించకపోలేదు. 1969 సెప్టెంబరులో అక్కడి ప్రతినిధుల సభ ఎలక్టోరల్ కాలేజీని రద్దుచేసే సవరణని 338 ఓట్లతో నెగ్గించింది, వద్దన్నవాళ్లు డెబ్బైమంది. అంత మెజారిటీతో వెళ్లిన సవరణ మరుసటేడు సెనేట్‌లో ప్రసంగాల వరదలో మునిగి మళ్లీ తేలలేదు.

ఆ 1969 సెప్టెంబరుకి నాలుగు వారాల ముందు ఇక్కడ మన దేశంలో ఏం జరిగిందో పెద్దవాళ్లకి గుర్తుండే వుంటుంది. మన ఎలక్టోరల్ కాలేజీ మన తెలుగువాళ్లిద్దరి మధ్య తీర్పు చెప్పింది.

ఆ సంవత్సరం మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. కాంగ్రెస్ నిలబెట్టిన అభ్యర్థి అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామానికి చెందిన నీలం సంజీవరెడ్డిగారు, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. స్వతంత్రంగా నిలబడినాయన బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరిగారు. ప్రధాని ఇందిరాగాంధీ తన పార్టీ అభ్యర్థికి ఓటెయ్యమనలేదు, అంతరాత్మ చెప్పినట్టు వెయ్యమంది. అప్పటినుంచి మా తునిలో ఎవరు ఏ తప్పు చేసినా "అంతరాత్మ చెప్పింది" అనడం రివాజైంది. మా పెదనాన్న ఇంట్లో పాలు తాగేసిన పిల్లికి కూడా ఆ పేరే పెట్టారు.

ఆగస్టు 20న లెక్కపెట్టారు. అక్కడ ఓట్లని తలలతో లెక్కపెట్టరు, విలువతో లెక్కపెడతారు. చెల్లిన ఓట్ల విలువ మొత్తం 8,36,337. గెలవడానికి కావలసింది 4,18,169. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, సి. డి. దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చాయి. ఎవరూ గట్టెక్కలేదు. వెనకబడినవాళ్ల కాగితాలమీద రెండో ప్రాధాన్యం ఎవరికిచ్చారో చూసి కలుపుకుంటూ పోతే, చివరికి గిరిగారు 4,20,077, రెడ్డిగారు 4,05,427. తేడా పద్నాలుగు వేల చిల్లర విలువ. ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టుకి వెళ్తే, రాష్ట్రపతిగా వున్న గిరిగారు స్వయంగా బోనెక్కి సాక్ష్యం చెప్పారు. కేసు కొట్టేశారు. ఎనిమిదేళ్లకి, 1977లో, సంజీవరెడ్డిగారు పోటీయే లేకుండా అదే కుర్చీలో కూర్చున్నారు. ఓపిక వుండాలి.

ఈ విలువ సంగతి కాస్త చెప్పాలి. ఎమ్మెల్యే ఓటు విలువ రాష్ట్రం జనాభాని బట్టి వుంటుంది. జనాభాని శాసనసభ సీట్లతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తారు. ఇప్పుడు మన ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132, ఉత్తరప్రదేశ్‌వాడిది 208, సిక్కింవాడిది ఏడు. తమాషా ఏమిటంటే ఈ జనాభా ఇప్పటిది కాదు, 1971 నాటిది. జనాభా తగ్గించుకున్న రాష్ట్రాలు నష్టపోకూడదని ఆ అంకెనే పట్టుకు కూర్చున్నారు. 1971లో నాకు పదమూడేళ్లు. రాష్ట్రపతి ఎన్నికలో నేనింకా నిక్కర్లోనే వున్నాను.

మన రాష్ట్రపతిని జనమే నేరుగా ఎన్నుకోవాలని రాజ్యాంగసభలో అడగకపోలేదు. ప్రొఫెసర్ కె. టి. షా గట్టిగానే అడిగారు. నెహ్రూగారు ఒప్పుకోలేదు. పెత్తనం మంత్రివర్గానిది. దేశమంతా ఓటేసి ఒక మనిషిని కూర్చోబెట్టి, ఆయన చేతికి ఏ అధికారం ఇవ్వకపోతే అది ఎబ్బెట్టుగా వుంటుంది. ఇస్తే ప్రధానికీ ఆయనకీ పేచీ వస్తుంది. ఆయన వాదన సారం ఇది. నాకు సబబే అనిపిస్తుంది. పెళ్లికి పెద్దగా కూర్చునే తాతగార్ని ఎంచుకోవడానికి వూరంతా క్యూ కట్టనక్కర్లేదు. పైగా రాష్ట్రపతి ఎన్నికలో ఓటు రహస్యం, పార్టీ విప్ చెల్లదు. ఓటేసేవాళ్లు వేలల్లో వున్నారు. వేలమందిని ఎత్తుకుపోయి దాచిపెట్టే సత్రం ఎక్కడా లేదు.

ఎత్తుకుపోవడం అన్నాను కదా, అసలు కథ అక్కడికే వస్తోంది.

మధ్యవర్తుల ఎన్నిక మనకి కొత్తది కాదు. తెల్లవాళ్ల కాలంలో రాజమండ్రి న్యాపతి సుబ్బారావు పంతులుగారిలాంటివాళ్లు మద్రాసు శాసనసభకి వెళ్లింది మామూలు జనం ఓట్లతో కాదు. అప్పటి పద్ధతిలో స్థానిక సంఘాలు పేరు పంపిస్తే గవర్నరు సరేననేవాడు. స్వరాజ్యం వచ్చాక శాసనసభకీ పార్లమెంటుకీ మనమే నేరుగా ఓటేశాం. కానీ 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వచ్చినప్పుడు మళ్లీ మెట్లు కట్టారు. వూళ్లకి సర్పంచులు. ఆ సర్పంచులే పంచాయతీ సమితి సభ్యులు. వాళ్లు తమలోంచి సమితి ప్రెసిడెంటుని ఎన్నుకుంటారు. ఆ ప్రెసిడెంట్లు, ఎమ్మెల్యేలు వగైరా కలిసి జిల్లా పరిషత్ చైర్మన్ని. కాగితంమీద చూస్తే ఎంత ముచ్చటగా వుందో! తెలిసినవాడు తెలిసినవాణ్ణి ఎన్నుకుంటాడు. ఆవేశాలుండవు, ఖర్చు వుండదు.

మా పెదనాన్న అలాంటి సర్పంచి. వూరిపేరు చెప్పను, తునికి ఎగువన మెట్టలో వుంది. వేరుశనగ, నువ్వులు, జీడిమామిడి. మూడెకరాల రైతు. నోట్లో నాలుక లేనివాడని వూరంతా కలిసి ఏకగ్రీవంగా సర్పంచిని చేశారు. వూరికీ తుని రోడ్డుకీ మధ్య ఒక గెడ్డ వుంది. ఎండాకాలం దాంట్లో మేకలు పడుకుంటాయి. శ్రావణంలో ఎడ్లబండి కూడా దిగదు. వూరి కోరిక ఒక్కటే, ఆ గెడ్డమీద కల్వర్టు.

1970లో సమితి ప్రెసిడెంటు పదవికి ఇద్దరు పోటీపడ్డారు. ఒకాయన చింతచెట్టు కిందకి వచ్చి, వూరందరి ముందూ, కల్వర్టు నాదీ పూచీ అన్నాడు. పెద్దలు కూర్చుని మన సర్పంచి ఓటు ఈయనకే అని తీర్మానించారు. పెదనాన్న తలూపాడు.

ఆ రాత్రి రెండోవాళ్ల జీపు వచ్చింది.

నేను అప్పుడు సెలవులకి అక్కడే వున్నాను. పన్నెండేళ్లవాణ్ణి, అరుగుమీద పడుకున్నాను. "అన్నవరం వెళ్లొద్దాం రండి, ప్రెసిడెంటుగారూ" అన్నారు. సర్పంచిని ప్రెసిడెంటుగారూ అనడం అప్పటి మర్యాద. పెదనాన్నకి కాదనడం చేతకాదు. కండువా వేసుకుని జీపెక్కాడు. సాయంత్రానికల్లా వచ్చేస్తానన్నాడు పెద్దమ్మతో.

తొమ్మిది రోజులకి వచ్చాడు. నున్నటి గుండుతో.

తర్వాత తర్వాత ఒక్కో ముక్కా బయటపడింది. అన్నవరంలో సత్యనారాయణస్వామి ఎదుట కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించారట. అక్కణ్ణించి ఇల్లు కాదు, రాత్రి రైలు. మద్రాసులో ఒక లాడ్జీ. పద్దెనిమిదిమంది సర్పంచులు, నాలుగు గదులు. సినిమా షూటింగు చూపించారు, సముద్రం చూపించారు. మన సముద్రం మనకి లేదా అని పెద్దమ్మ తర్వాత అడిగింది. తిరపతి తీసుకెళ్లి మొక్కు లేకపోయినా గుండ్లు చేయించారు. వుత్తరం రాయనివ్వలేదు. ఎన్నికరోజు పొద్దున్న తిన్నగా సమితి ఆఫీసుముందు దింపారు. ఓటేశాక అందరి చేతికీ తలో హెచ్.ఎం.టీ. వాచీ కట్టారు.

కల్వర్టు ఇస్తానన్నాయన రెండు ఓట్లతో ఓడిపోయాడు.

పెదనాన్న ఇంటికొచ్చేసరికి వూళ్లో సగంమంది అరుగుముందున్నారు. ఒక్కరూ అడగలేదు. అడగవలసిందేమో. పెద్దమ్మ మాత్రం కాళ్లకి నీళ్లిస్తూ అడిగింది, "ఓటు ఎవరికేశారండీ?"

"రహస్య ఓటు" అన్నాడు పెదనాన్న, గోడవైపు చూస్తూ.

ఆవిడ ఇంకేమీ అనలేదు. చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లింది. ఈయన లేనప్పుడు గేదె ఈనింది, దూడ చచ్చిపోయింది, అవన్నీ ఆవిడే చూసుకుంది. ఆ కబుర్లు కూడా చెప్పలేదు.

రెండేళ్ల తర్వాత పెద్దమ్మ కూతురు, మా అక్కయ్య, కాన్పుకి పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలైన రాత్రే గెడ్డ పొంగింది. బండి ఇవతలే ఆగిపోయింది. మంత్రసాని పుణ్యమా అని తల్లీ బిడ్డా దక్కారుగాని, ఆ రాత్రంతా పెదనాన్న గెడ్డ వొడ్డున లాంతరు పట్టుకుని నిలబడ్డాడట, నీళ్లు తగ్గుతాయేమోనని. తెల్లారి ఇంటికి వచ్చి వాచీ తీసి ట్రంకుపెట్టెలో పడేశాడు.

చాలా యేళ్ల తర్వాత, నేను ఉద్యోగంలో చేరాక, ఒకసారి నాతో అన్నాడు. "ఒరే, నన్ను సర్పంచిని చేసింది వూరంతా. నన్ను జీపెక్కించింది ఒక్కడు. ఆ తొమ్మిది రోజులూ నేను ఆ ఒక్కడి మనిషినిరా. వాడే తిండి పెట్టాడు, వాడే టిక్కెట్టు కొన్నాడు. వూరు గుర్తుకొచ్చేది, కానీ దూరంగా." ఎవరికి ఓటేసిందీ అప్పుడూ చెప్పలేదు.

నేను పుస్తకాల్లో చదివి పాఠం చెప్పిందానికంటే ఈ ముక్కలోనే ఎక్కువ వుందనిపిస్తుంది. మధ్యవర్తి చెడ్డవాడై వుండనక్కర్లేదు. పద్దెనిమిదిమందో ముప్పైమందో వుంటే చాలు, ఒక్కో ఓటుకి ధర కట్టొచ్చు. ఒక బస్సులో పడతారు. పదిహేను వేలమందిని ఏ బస్సులో ఎక్కిస్తారు? జనానికి డబ్బు పంచరా అంటారు మీరు. పంచుతారు, నేనూ చూశాను. కానీ పంచినవాడు పుచ్చుకున్నవాణ్ణి తొమ్మిది రోజులు ఇంటికి వెళ్లకుండా ఆపలేడు. మనిషి తన అరుగుమీదనుంచి లేచి వచ్చి ఓటేసి మళ్లీ తన అరుగుమీదకే వెళ్తాడు. ఆ తేడా చిన్నది కాదు.

1984 ప్రాంతాల్లో గాలి మారింది. మునసబు కరణాలు పోయారు, 1985లో మండలాలు వచ్చాయి, సమితులు పోయి వాటి చోట మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. 1987లో మండలాధ్యక్షుణ్ణి, జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణి కూడా జనమే నేరుగా ఎన్నుకున్నారు. మునిసిపల్ ఛైర్మన్లని కూడా అలాగే. తూర్పుగోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడికి జిల్లాలో పల్లెలన్నీ ఓటేశాయంటే, మా జిల్లా ఎంపీల్లో ఎవరికీ అంత పెద్ద నియోజకవర్గం లేదన్నమాట! అందులో ఇబ్బంది లేకపోలేదు. అంత ఓటు మూటగట్టుకున్నవాడు ఎవరి మాటా వినడు. ఛైర్మన్ ఒక పార్టీ, కౌన్సిలర్లలో ఎక్కువమంది ఇంకో పార్టీ అయితే బడ్జెట్ రోజున కుర్చీలు ఎగురుతాయి, వీధిదీపాలు ఆరిపోతాయి. నేరుగా ఎన్నుకోవడం అమృతమని నేననను.

కానీ ఆ పద్ధతి పల్లెల్లో ఎక్కువ కాలం నిలవలేదు. 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ, 1993 ఏప్రిల్‌నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఒక చిన్న వాక్యం వుంది. మండల, జిల్లా స్థాయి అధ్యక్షుల్ని గెలిచిన సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలి. వూరి సర్పంచి సంగతీ, పట్టణం ఛైర్మన్ సంగతీ మాత్రం రాష్ట్రాల ఇష్టం. ఈ చివరి వెసులుబాటుతో మన రాష్ట్రంలో 1995లోనూ 2000లోనూ పట్టణాల్లో ఓటర్లే ఛైర్మన్ని ఎన్నుకున్నారు. 2005 నుంచి మళ్లీ కౌన్సిలర్ల చేతికి వెళ్లింది. అంటే పట్టణం విషయంలో రాజ్యాంగం అడ్డురాదు. శాసనసభ తలుచుకుంటే చాలు.

ఇప్పుడు చేతులెత్తి ఓటెయ్యాలి, పార్టీ విప్ వుంటుంది, తప్పితే సభ్యత్వం పోతుంది. అమ్ముడుపోకుండా అలా పెట్టారు, మంచిదే. కానీ విప్ చెప్పినట్టు చెయ్యెత్తడానికి మనిషి ఎందుకు? అమెరికాలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. 2016లో ఏడుగురు ఎలెక్టర్లు తమ అభ్యర్థికి కాకుండా వేరేవాళ్లకి ఓటేశారు. 2020లో వాళ్ల సుప్రీంకోర్టు, ఎలెక్టర్లని కట్టడి చెయ్యడానికి రాష్ట్రాలకి హక్కు వుందని తేల్చింది. 1787లో ఎలెక్టరంటే ఆలోచించి తీర్పు చెప్పే పెద్దమనిషి. ఇప్పుడు తపాలా బంట్రోతు. తపాలా బంట్రోతు పనికి తీర్పరి హోదా ఎందుకు? తీర్పరే కావాలంటే అతణ్ణి జీపులో ఎక్కించుకుపోకుండా ఎవరు కాస్తారు? విప్ వున్నా కూడా ఈనాటికీ కౌన్సిలర్లని, ఎంపీటీసీలని క్యాంపులకి తీసుకుపోతూనే వున్నారు కదా. అప్పట్లో లాడ్జీ, ఇప్పుడు రిసార్టు. అప్పుడు వుత్తరం రాయనివ్వలేదు, ఇప్పుడు సెల్‌ఫోన్లు తీసుకుంటారట.

అందుచేత మేనల్లుడికి నేను చెప్పినది ఇది. రాష్ట్రపతి జోలికి పోవద్దు, ఆ ఏర్పాటు దాని పనికి సరిపోయింది. మీ అధ్యక్షుడు మా రాష్ట్రపతిలాంటి తాతగారు కాదు, ఇంటి యజమాని. అతణ్ణి జనమే ఎన్నుకోవాలి. అయితే మీ రాజ్యాంగం మారాలంటే నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి, లాభం పొందుతున్న రాష్ట్రాలు ఒప్పుకోవు, కనుక నువ్వు పెన్సిల్వేనియాలో ఇల్లు కొనుక్కో. మా తుని ఛైర్మన్ మాత్రం కుళాయి నీళ్లకీ కాలవ పూడికకీ జవాబు చెప్పాల్సినవాడు. మా ఆకులాయన్ని అడక్కుండా అతణ్ణి ఎంచడం నాకు నచ్చదు. కౌన్సిలుతో పేచీ వస్తే రానీ. నాలుగు గోడలమధ్య వచ్చే పేచీ నయం, లాడ్జీలో కుదిరే సయోధ్యకంటే.

"అయితే నువ్వు కూడా నా పార్టీయేగా మావయ్యా" అన్నాడు వాడు. కాదురా, నేను మీ పెద్దతాత పార్టీ అన్నాను. వాడికి అర్థం కాలేదు. వాడు పుట్టకముందు సంగతి.

1987లో మండలం ఎన్నికలప్పుడు నాకు వేరే వూళ్లో పోలింగు డ్యూటీ. అందుకని ఇది పెద్దమ్మ చెప్పగా విన్నదే. అభ్యర్థులు ముగ్గురూ వూళ్లోకి వచ్చారు. అది ఎండాకాలం మొదట్లో గనక గెడ్డ నడిచి దాటగలిగారు. మొదటిసారిగా వాళ్లు సర్పంచి అరుగుమీద ఆగకుండా ఇంటింటికీ వెళ్లారు. పెద్దమ్మ ముగ్గుర్నీ చేయిపట్టుకుని గెడ్డ దగ్గరికి తీసుకెళ్లి, ఆ రాత్రి లాంతరు ఎక్కడ పెట్టారో చూపించిందట. ముగ్గురూ కల్వర్టు కట్టిస్తామన్నారు. గెలిచినాయన కట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడో, మూడో నాలుగో యేటికి, ఏదో పథకంలో వచ్చింది. రెండు తూములు, పిట్టగోడ లేదు.

ఓటురోజు పెదనాన్న తెల్లచొక్కా వేసుకుని, ట్రంకుపెట్టెలోంచి ఆ వాచీ తీసి కట్టుకున్నాడట. ఎందుకో ఆయన చెప్పలేదు. ఈవిడ అడగలేదు. ఇద్దరూ బడిదాకా నడిచి వెళ్లి, ఆవిడ ఆడవాళ్ల వరసలో, ఈయన మగవాళ్ల వరసలో నిలబడ్డారు. ఎవరికీ జీపు లేదు. తలో రెండు కాగితాలు ఇచ్చారు, ఒకటి మండలానికి, ఒకటి జిల్లాకి. ముద్రలేసి మడిచి పెట్టెలో వేసి బయటికి వచ్చారు.

తిరిగి వస్తుంటే దారిలో పెదనాన్న అడిగాడట, "ఏమేవ్, ఎవరికేశావు?"

పెద్దమ్మ కొంగు సర్దుకుని, పదిహేడేళ్లనుంచి దాచిపెట్టుకున్న మాట అప్పుడు అందట.

"రహస్య ఓటు కదండీ."